ఏట్లో పోయిన బొగ్గుగీత

మా మునిరత్నం అయ్యవారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు గుడ్డ మీద బొగ్గుతో ఎంత గొప్ప బొమ్మ గీసినా, దాని మీద ఆయన కలం పెట్టేవారు కాదు. శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్పే మరే ఇంట్లో చెప్పినా ఈ మాట వింతగానే తోస్తుంది. అక్కడి పద్ధతి వేరు. శిష్యుడు చింతబరికల బొగ్గుతో బొమ్మ వేస్తాడు. గురువు ఆ గీత మీద వెదురు కలంతో నల్లగీత తిప్పుతాడు. ఆ నలుపును కసిమి అంటారు. తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్ల కుండలో మూడు వారాలు పులిస్తే అది తయారవుతుంది. బొగ్గు దులిపితే పోతుంది. కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపి తడిపి ఆరబెట్టిన గుడ్డకు కసిమి ఒక్కసారి తాకిందంటే మటుకు, ఆ గుడ్డ చిరిగి పేలికలయ్యేదాకా వదలదు. అందుకే ఆ గీత గురువు చేత్తో పడాలంటారు. అది పడిన రోజున శిష్యుడు రెండు తమలపాకులూ ఒక వక్కా చేతిలో పెట్టి కాళ్లకు దణ్ణం పెడతాడు.

మా అయ్యవారికి ఆ తాంబూలం ఇచ్చుకునే అదృష్టం మాలో ఎవరికీ పట్టలేదు. ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని మా మధ్య తిరిగేవారు. ఒక గుడ్డ దగ్గర ఆగి, "ఇంకోసారి చూసుకో" అనేవారు. ఏం చూసుకోవాలో, తప్పెక్కడుందో చెప్పేవారు కాదు. నేను చేరిన కొత్తలో, ఈయనకు చూపు మందగించింది, ఆ గుట్టు బయటపడకుండా చేతులు దాచుకుంటున్నాడు అనుకున్నాను. అనుకుని ఊరుకోక ఇద్దరు ముగ్గురితో అన్నాను కూడా. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయన ఒంటిగా ఉండేవారు. వంటింట్లో పిడికెడు బియ్యం ఉడికే చిన్న గిన్నె ఒకటి, కంచం ఒకటి. సాయంత్రం అయిదింటికి మేము కలాలు కడిగి లేస్తుంటే ఆయనకు ఏవేవో పనులు గుర్తొచ్చేవి. పటిక పొట్లం ఎక్కడ పెట్టారని అడిగేవారు. ఎండిన గుడ్డలు మడత సరిగ్గా లేదనేవారు. మాలో ఒకరు వెనక్కి వచ్చి ఆ మడత సరిచేస్తే, పక్కనే నిలబడి వాళ్ల ఊళ్లో వానలు పడ్డాయా, గేదె ఈనిందా అని ఆరా తీసేవారు. ఆఖరివాడు సందు మలుపు తిరిగేదాకా గడపలో నిలబడేవారు. ఈ ముసలాయనకు చాదస్తం పట్టుకుందని మేము నవ్వుకునేవాళ్లం.

ఒక ఆదివారం పొద్దున దామోదరం వచ్చాడు. మాకంటే ముందు పదకొండేళ్లు అయ్యవారి దగ్గర నేర్చుకున్నవాడు, గూడూరు వైపు ఒక బళ్లో డ్రాయింగు మాస్టరు. బడి వదలగానే గుడ్డల పని కూడా ఒప్పుకుని చేస్తాడు, పనిమంతుడని పేరు. చంకలో చాపలా చుట్టిన గుడ్డ ఒకటి పెట్టుకొచ్చాడు. అయ్యవారికి దణ్ణం పెట్టి, దాన్ని మా అందరి ముందూ పరిచాడు.

"మా సుమేధ గీసింది అయ్యవారూ. ఎనిమిదేండ్లు. నేను నేర్పింది కాదు, దానికదే వస్తా ఉండాది. వచ్చే వారం తిరుపతిలో పిల్లకాయల బొమ్మలు పెడతా ఉండారు. మీరు దీని మీద కలం పెట్టాల."

అతని గొంతులో గర్వం దాగలేదు, దాచుకోవాలని అతనూ చూడలేదు. గుడ్డ మీద ఒక మనిషి పీట వేసుకుని, ముందుకు వంగి బొమ్మ వేసుకుంటున్నాడు. దామోదరమే అని చూడగానే తెలిసింది. మెడ మీది పుట్టుమచ్చ, చొక్కా కాలరు దగ్గర విడిపోయిన కుట్టు, కుడి మోచేయి కాస్త బయటికి తోసి కూర్చునే తీరు, అంతా అతనే. అయితే ఆ పిల్ల గీసింది వీపు. బొమ్మలో మొహం లేదు. మా కలంకారీలో ఎక్కడా వీపు బొమ్మ ఉండదు. తల నరికించుకోబోయే రాక్షసుడికి కూడా మొహం ఉంటుంది. నా పక్కనున్నవాడు కిసుక్కున నవ్వాడు, నేనూ నవ్వాను.

దామోదరం కూడా నవ్వాడు. "నేను పని చేసుకుంటా ఉంటే ఎనకాల కూచుని గీసినాది. ఆ ఒక్కటే తప్పు. మొహం ఇటు తిప్పి, కన్నూ ముక్కూ మీ గీతతో పడితే చాలు. బొగ్గే గదా, ఇప్పుడైతే దిద్దుకోవచ్చు."

అయ్యవారు గుడ్డ దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు చూశారు. చేతులు మాత్రం వెనకే ఉన్నాయి. కలం తెమ్మని అడుగుతారేమోనని నేను లేవబోయాను కూడా. ఆయన ఏమీ అడగలేదు.

దామోదరానికి ఓపిక తగ్గింది. "ఒక మాట అడుగుతా, కోపగించుకోబాకండి. మా గీత మీద మీరు ఏ దినమూ కలం పెట్టలేదు. నాకు పదకొండేండ్లు అదే బాధ. పిల్లలు తప్పు గీస్తే తెలిసినోడు దిద్దాల్నా వద్దా? దిద్దకపోతే ఇంక గురువెందుకు?"

మేమంతా అడగాలనుకుని అడగలేకపోయిన ప్రశ్న అది. అయ్యవారు లేచి లోపలికి వెళ్లారు. ట్రంకుపెట్టె మూత చప్పుడైంది. నాలుగు మడతలు పెట్టిన పాత గుడ్డ ఒకటి తెచ్చి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. దాన్ని విప్పకుండానే చెప్పడం మొదలుపెట్టారు.

అప్పటికి ఆయనకు నలభై ఒకటి. భార్య వల్లెమ్మ జ్వరంతో పోయి పదకొండు నెలలైంది. ఇంట్లో మిగిలింది ఆయనా, తొమ్మిదేళ్ల కూతురు కుముదా. ఆ పిల్లకు గీత పుట్టుకతో వచ్చింది. అయిదేళ్లప్పుడే సుద్దముక్కతో నేల మీద పాలవాడి సైకిలు గీస్తే, క్యానుకున్న సొట్టతో సహా పడింది. వీధిలో వాళ్లు తమ బొమ్మ తాము చూసుకుని, "నా పండ్లు ఇంత ఎత్తా పాపా" అని అలిగిపోయేవారు. అయ్యవారు ఆ మాట చెబుతూ నవ్వారు. ఆ పిల్ల గీత ఆయన నేర్పింది కాదు, ఆయన దగ్గర ఉన్నదీ కాదు. ఆయన దేవతలనూ రాజులనూ కొలతల ప్రకారం గీసేవారు, ఎన్ని వేల బొమ్మలు వేసినా ఆ కొలత తప్పేది కాదు. పిల్ల చూసింది గీసేది.

వల్లెమ్మ సంవత్సరీకం దగ్గర పడింది. పీట మీద పెట్టడానికి పటం లేదు. పెళ్లినాటి ఫొటో ఒకటుంటే ఎప్పుడో చెదలు తినేశాయి. ఊరంతటికీ బొమ్మలు వేసే మనిషి ఇంట్లో భార్య బొమ్మ ఒక్కటి లేదని అప్పుడు తెలిసొచ్చింది. తానే వేద్దామని కూర్చుంటే, ఆమె మొహం సరిగ్గా గుర్తుకు రాలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక రెండు రోజులు ఆ గుడ్డ ముందు ఊరికే కూర్చున్నారు. మూడో రోజు కుముద వచ్చి పక్కన నిలబడింది.

"నాయనా, అమ్మను నేను గీస్తా" అంది.

ఆయన బాగా తయారైన గుడ్డ ఒకటి మూరన్నర కోసిచ్చారు. పిల్ల పెరట్లో రంగుల పొయ్యి పక్కన, తల్లి కూర్చునే చోటే కూర్చుని నాలుగు రోజులు గీసింది. అయిదో రోజు తండ్రిని పిలిచింది. వెళ్లి చూస్తే వల్లెమ్మ నిలబడి ఉంది. ఎడమ భుజం రెండు వేళ్ల మందం కిందికి దిగి ఉంది. ఒక కన్ను సగమే తెరిచి ఉంది. ఏదో అనబోయి మానుకున్నట్టు పెదవులు బిగించి ఉన్నాయి.

"నాకు ఏడుపొచ్చినాది" అన్నారు అయ్యవారు. "ఏడుస్తానే తప్పులు ఎతికినా. మన పని అట్లాంటిది."

బొగ్గు నిలవదు గనక కసిమి పెట్టాలి. మూడేళ్లు నేర్చిన శిష్యులకు దక్కే గీత తొమ్మిదేళ్ల బిడ్డకు దక్కుతోందని ఆయన లోలోపల మురిసిపోయారు. పిల్ల కసిమి గిన్నె పట్టుకుని పక్కన నిలబడింది. పాదాల నుంచి మొదలుపెట్టి చీర కుచ్చెళ్ల మీదుగా పైకి వచ్చారు. భుజం దగ్గర చెయ్యి ఆగింది.

"భుజం దిగిపోయినాదమ్మా."

"అట్లనే ఉండాల నాయనా."

"రెండు భుజాలూ ఒక మట్టంలో ఉండాల. కొలత తప్పితే బొమ్మ నిలబడదు."

"అమ్మ అట్లనే నిలబడతాది నాయనా."

ఆయన నవ్వి, నువ్వింకా చిన్నదానివన్నారు. కలానికి చుట్టిన ఉన్ని పిండి, గీతను రెండు వేళ్లు పైకి ఎత్తి తిప్పారు. ఆ తరువాత పిల్ల మాట్లాడలేదు. ఆయన ముడుచుకున్న కన్ను విప్పి, రెండు కళ్లూ చెవుల దాకా సాగదీశారు. బిగించిన పెదవులకు చిరునవ్వు పెట్టారు. పని అయ్యాక, ఎట్లుందని అడిగారు. "బాగుండాది నాయనా" అంది. గిన్నె కింద పెట్టి, లోపలికి పరిగెత్తి రెండు తమలపాకులూ వక్కా తెచ్చి ఆయన చేతిలో పెట్టి కాళ్లకు దణ్ణం పెట్టింది. పెద్ద శిష్యులు చేయగా చూసింది కదా. ఆయన ఆ ఆకులు వేసుకున్నారు.

మర్నాడు గుడ్డ కడగడానికి స్వర్ణముఖికి వెళ్లారు. పారే నీళ్లలో గుడ్డ ఆడిస్తే బొగ్గు విడిపోతుంది, కసిమి నిలుస్తుంది. వేలసార్లు చేసిన పనే. ఆ రోజూ బొగ్గు పొడి సన్నగా తేలి, ఇసుక తిన్నె పక్కగా సాగిపోయింది. కుముద మోకాలిలోతు నీళ్లలో నిలబడి, అది పోతున్న వైపే చూస్తూ ఉండిపోయింది. పిల్ల నీళ్లాట ఆడుకుంటోందని ఆయన అనుకున్నారు.

సంవత్సరీకం నాడు వల్లెమ్మ తల్లి ఏర్పేడు నుంచి వచ్చింది. గడపలో చెప్పులు విడిచి, పీట మీది పటానికి కుంకుమ పెట్టి, రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుంది. తరువాత అల్లుణ్ణి అడిగింది.

"ఏ అమ్మవారప్పా ఈమె?"

కుముద చెప్పింది. "మా అమ్మే, అవ్వా."

ముసలామె పటం దగ్గరికి జరిగి, కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. తనలో తాను అనుకున్నట్టు అంది. "నా బిడ్డకు ఎడమ భుజం దిగుంటాది గదా. నీళ్లు కారే గుడ్డల మోపు ఏటికాణ్ణుంచి ఆ భుజం మీదే గదా మోసినాది, పన్నెండేండ్లు. రంగుల పొయ్యి పొగకు ఆ కన్ను సగమే తెరుస్తా ఉండె." అని, విస్తళ్లు వేయడానికి లోపలికి వెళ్లిపోయింది.

ఇక్కడికి వచ్చేసరికి అయ్యవారు చెప్పడం ఆపేశారు. మంచినీళ్లు ఇచ్చాను. తాగకుండా పక్కన పెట్టుకున్నారు.

"అవి నా గుడ్డలే దామోదరం. నా పొయ్యే. పన్నెండేండ్లు నా కండ్ల ముందర ఆమె భుజం వంగతా వస్తే నేను చూడలేదు. బిడ్డ చూసింది. అది చూసి గీస్తే, నేను దిద్దినా."

బంధువులు వెళ్లాక ఆయన కొత్త గుడ్డ కోసి, బొగ్గు చేతికిచ్చి, కూతుర్ని మళ్లీ గీయమన్నారు. ఆ పిల్ల తడుముకోకుండా గీసింది. రెండు భుజాలూ ఒక మట్టంలో పడ్డాయి. కళ్లు చెవుల దాకా వచ్చాయి. పెదవుల మీద చిరునవ్వు వచ్చింది. ఇట్ల కాదమ్మా, ముందు గీసినావే అట్ల, భుజం దించి గీయమన్నారు. దులిపేసి మళ్లీ మొదలుపెట్టింది. భుజం కిందికి దించింది గాని, అది ఎవరో కుంటి ఆడమనిషి భుజంలా వచ్చింది. అది కూడా దులిపేసింది. బొగ్గు పట్టుకుని కళ్లు మూసుకుంది, తెరిచింది, మళ్లీ మూసుకుంది. ఆయన పక్కనే కూర్చుని చూశారు.

"రావడం లేదు నాయనా" అంది చివరికి. "అమ్మను తలుచుకుంటే నువ్వు గీసిందే వస్తాంది."

అప్పుడు ఏడ్చింది. తల్లి పోయిన నాడు కూడా ఆ పిల్ల అంత ఏడవలేదట. ఆయన దగ్గరికి తీసుకోబోతే, తప్పు తనదే అన్నట్టు, "మళ్లా గుర్తు తెచ్చుకుంటా నాయనా, మళ్లా గుర్తు తెచ్చుకుంటా" అని ఆయన్నే ఓదార్చింది. గుర్తు రాలేదు. ఆ తరువాత మరెన్నడూ అడగలేదు ఆయన. కుముద పాలవాణ్ణీ పక్కింటివాళ్లనూ గీయడం కూడా దానంతటదే మానేసింది. తండ్రి కొలతలు నేర్చుకుంది. చాలా బాగా నేర్చుకుంది.

ఆ కుముదను మేమూ చూశాం. హైదరాబాదులో ఒక కళాశాలలో కలంకారీ నేర్పుతుంది, ఏడాదికి ఒకసారి వస్తుంది. ఆమె గుడ్డా అయ్యవారి గుడ్డా పక్కపక్కన పెడితే ఎవరిదేదో మేము పోల్చలేం. అచ్చం తండ్రి చెయ్యే అని ఒకసారి నేనే ఆయన ఎదుట పొగిడాను. ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. పొగడ్త నచ్చని పెద్దమనిషి కాబోలు అనుకున్నాను.

"అందురూ మెచ్చుకుంటారు" అన్నారు అయ్యవారు. "ఆ బిడ్డ పంపిన గుడ్డ ఎప్పుడు విప్పినా నా గీతే ఉంటాది. ఈ ఇంట్లో ముగ్గురం ఉండినాము. ఒకరు పోతే ఇద్దరం మిగలాల గదా. నేనొక్కణ్ణే మిగిలినా."

ఈ మాట ఆయన మామూలు గొంతుతోనే అన్నారు. సాయంత్రాలు పటిక పొట్లం కోసం మమ్మల్ని ఎందుకు ఆపేవారో నాకు అప్పుడు అర్థమైంది. సందు మలుపు తిరిగాక మేము నవ్వుకున్న నవ్వులు గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

ఒళ్లో గుడ్డ విప్పి మా ముందు పరిచారు. చూడచక్కని బొమ్మ. దణ్ణం పెట్టబుద్ధేసే మొహం. నుదుట ముసలామె పెట్టిన కుంకుమ మరక వెలిసి ఇంకా ఉంది. దామోదరం వంగి, భుజం దగ్గర కళ్లు పెట్టి వెతికాడు. పిల్ల గీసిన గీత జాడ ఏమన్నా మిగిలిందా అని అడిగాడు. అయ్యవారు నల్లగీతకు రెండు వేళ్ల కింద, ఏమీ లేని చోట బొటనవేలు ఆనించి, "ఈడ ఉండె" అన్నారు. ఆ చోట గుడ్డ నలిగి నలిగి, పోగులు తేలి, మిగతా గుడ్డ కంటే మెత్తబడిపోయి ఉంది.

దామోదరం తన కూతురి గుడ్డను దగ్గరికి లాక్కుని, చుట్టబోయి ఆగాడు. మనసు సగమే ఒప్పుకున్నట్టుంది.

"అయితే ఇట్లనే పంపమంటారా అయ్యవారూ? మొహం లేకుండా? చూసినోళ్లు ఏమనుకుంటారు?"

అయ్యవారు ఆ బొమ్మ వైపు మరోసారి వంగి చూశారు. వంగిన వీపు, విడిపోయిన కుట్టు, మెడ మీద పుట్టుమచ్చ. ఆయన చేతులు మళ్లీ వెనక్కి వెళ్లాయి.

"మొహం గీయడమెందుకు దామోదరం" అన్నారు. "ఇంటికి పోయి బిడ్డకు చూపియ్యి."